చదువుకోడానికి పోయావా, తిరగడానికి పోయావా?

కొండదారి – 17



ఈ భాగంలో ఆశ్రమ పాఠశాలల గురించి రాస్తానని పోయినసారి మాటిచ్చాను. అది వచ్చే వారానికి వాయిదా. మొన్న ఆదివారం రాత్రి పదకొండు దాటాక ఒక ఫోన్ వచ్చింది. దాని గురించి రాయకుండా ఇంకో సంగతి రాయబుద్ధి కావట్లేదు. కాస్త పొడుగు పోస్టే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

ఫోన్ చేసింది జర్మనీలో ఎమ్మెస్సీ చదువుతున్న ఒక చెల్లి. కొండదొర పిల్ల. అనంతగిరి మండలంలో కొండ మీది ఊరు వాళ్లది. పేరు రాయను, అడగొద్దు. వాళ్ల నాన్నకి రెండెకరాల కాఫీ తోట ఉంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగ. అదే ఆస్తి. ఈ పిల్ల మొదట ఆశ్రమ పాఠశాల, తర్వాత గురుకులం, తర్వాత విశాఖలో డిగ్రీ. ప్రభుత్వ పథకం డబ్బు కొంత, అప్పు కొంత కలిపి పోయినేడాది విమానం ఎక్కింది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో విమానం ఎక్కిన మొదటి మనిషి తనే.

జరిగింది ఇది. ఆ ఆదివారం తను రైలెక్కి బాన్ నగరానికి వెళ్లింది. రైన్ నది ఒడ్డున నిలబడి ఫొటో దిగి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. రెండు గంటల్లో మూడు మెసేజ్‌లు వచ్చాయి. ఒకటి పాడేరులో ఉద్యోగం చేసే దగ్గరి బంధువు నుంచి. ఒకటి చిన్నప్పుడు పాఠం చెప్పిన మాస్టారి నుంచి. మూడోది, రాయడానికి సిగ్గుగా ఉంది, నాతో కలిసి ఇరవయ్యేళ్లు జెండా మోసిన ఒక పెద్దాయన నుంచి. ముగ్గురిదీ ఒకటే ప్రశ్న. “చదువుకోడానికి పోయావా, తిరగడానికి పోయావా?”

ఆ పిల్ల స్టేటస్ తీసేసింది. తర్వాత నాకు ఫోన్ చేసింది. ముందు బాగానే మాట్లాడింది. చలి గురించి, పరీక్షల గురించి చెప్పింది. ఆఖర్న గొంతు మారింది. “అన్నా, నేను తప్పు చేశానా?” అంది.

ఆ రాత్రి తనకి చెప్పిన జవాబునే ఇక్కడ విడమరిచి రాస్తున్నాను. తను ఒక్కతే కాదు కాబట్టి. ఇప్పుడు మన పేటల నుంచి, కొండ ఊళ్ల నుంచి పది దేశాలకి పిల్లలు వెళ్తున్నారు. అందరి ఫోన్లలోనూ ఈ ప్రశ్న ఉంది. ఫొటోలు దిగుతున్నారు, దాచుకుంటున్నారు. ఇంట్లో లైబ్రరీలో ఉన్నానని చెప్పి ఎక్కడో ఒక సముద్రం ఒడ్డున దొంగల్లా కూర్చుంటున్నారు. మన పిల్లలకి సముద్రం చూడ్డం దొంగతనం ఎప్పుడైంది?

ముందు ఒక సంగతి ఆలోచించండి. ఈ తూర్పు కనుమల్లో ప్రయాణం చేసే హక్కు ఎవరెవరికి ఉంది?

1960ల్లో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. యాభైకి పైగా సొరంగాలు తొలిచారు. అరకు పిల్లల్ని కాలేజీకి పంపడానికి కాదు. బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి, అక్కణ్నుంచి జపాన్‌కి ఓడల్లో పంపడానికి. అంటే కొండల్లో తవ్విన మట్టికి విదేశీ ప్రయాణం దొరికి దగ్గర దగ్గర అరవై ఏళ్లు. తర్వాత కాఫీ వెళ్లింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే కాఫీ కొట్టు తెరిచారు. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందరం సంతోషించాం. సంతోషించాల్సిందే. ఖనిజం వెళ్లింది, కాఫీ గింజ వెళ్లింది. ఆ గింజ కోసిన చేతుల బిడ్డ వెళ్తే మాత్రం “తిరగడానికి పోయావా” అంటున్నాం.

ఇటు వచ్చేవాళ్ల సంగతి కూడా చూడండి. అదే రైలుకి అద్దాల పెట్టె తగిలించారు, కొండలు చూస్తూ రావడానికి. బొర్రా గుహలు చూస్తారు, గిరిజన మ్యూజియం చూస్తారు, బొంగు చికెన్ తింటారు. మన ఆడవాళ్లు చేతులు కలిపి ధింసా ఆడుతుంటే మధ్యలో దూరి ఫొటో దిగుతారు. రానివ్వండి, నాకు అభ్యంతరం లేదు. వాళ్ల డబ్బుతో కొన్ని ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. నా ప్రశ్న ఒక్కటే. మైదానంలో కాలేజీ పిల్లలు బస్సు కట్టించుకుని అరకు వస్తే దాని పేరు ఎడ్యుకేషనల్ టూర్. అరకు పిల్ల ఒక్కర్తీ రైలెక్కి బాన్ వెళ్తే దాని పేరు తిరుగుడు. ఎందుకని?

మనం చూడబడేవాళ్లం, చూసేవాళ్లం కాదు. ఈ అలవాటు పైవాళ్ల బుర్రల్లోనే కాదు, మన బుర్రల్లోకీ దిగింది. అందుకే ఆ ముగ్గురూ మనవాళ్లే.

పైగా ఆడపిల్ల. మగపిల్లాడు పెడితే “ఎంజాయ్ రా” అనేవాళ్లే సగంమంది. ఆడపిల్ల పెడితే ‘తిరగడం’ అనే మాటకి ఇంకో అర్థం వస్తుంది. ఆ మాట వాడినవాళ్లకి ఆ సంగతి తెలుసు. తెలిసే వాడారు.

ఇక నా సంగతి చెప్పాలి. ఇన్ని భాగాలు రాశాను గానీ ఇది ఎప్పుడూ రాయలేదు.

నాది కొండ కాదని మీకు తెలుసు. శృంగవరపుకోట దిగువన ఒక మాలపల్లె. పదిహేనేళ్ల కిందట ఒక పథకం కింద ఇంగ్లండ్‌లో ఒక ఏడాది మాస్టర్స్ చేశాను. విశ్వవిద్యాలయం పేరు అనవసరం. ఆ ఏడాదంతా ఒకే ఊళ్లో ఉన్నాను. గది, లైబ్రరీ, ఒక హోటల్ వంటిల్లు. ఈ మూడే నా ఇంగ్లండ్. నాతో చదివిన హైదరాబాద్ పిల్లలు, ఢిల్లీ పిల్లలు సెలవు దొరికితే ఎడిన్‌బరో అనేవాళ్లు, పారిస్ అనేవాళ్లు. నన్నూ పిలిచేవాళ్లు. నేను రానన్నాను. డబ్బు లేక కొంత, భయం వల్ల ఎక్కువ. నా ఒక్కడి కోసం ఇంతమంది కష్టపడ్డారు, నేను నవ్వుతూ ఒక ఫొటోలో కనిపిస్తే ఏమనుకుంటారో అని. తిరగకపోవడమే నా క్రమశిక్షణ అనుకున్నాను. కొంచెం గర్వం కూడా ఉండేది.

అయినా ఒక సబ్జెక్టు పోయింది. ఎందుకో తెలుసా? రావాల్సిన విడత డబ్బు నెలల తరబడి రాలేదు. అద్దె కట్టాలి. వీసా ఇచ్చిన 20 గంటల పనికి ఒక్క గంట తగ్గకుండా వంటింట్లో చేశాను. శుక్రవారం రాత్రి, శనివారం, ఆదివారం. సోమవారం పొద్దున్న క్లాసులో కళ్లు మూతలు పడేవి. వ్యాసం గడువు దాటింది. నా సబ్జెక్టు పోయింది తిరిగినందుకు కాదు, గిన్నెలు కడిగినందుకు. ఆ గిన్నెలు కడిగినందుకు మాత్రం నన్ను ఊళ్లో ఎవరూ ఏమీ అనలేదు. పైగా “కష్టపడే కుర్రోడు” అన్నారు.

ఏడాది తర్వాత ఇంటికొచ్చాను. మా అమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుని అడిగింది. “ఏటి సూసినావు నాయనా ఆ దేశంలో?”

నా దగ్గర జవాబు లేదు. చలి అన్నాను. పెద్ద లైబ్రరీ అన్నాను. అమ్మ ఇంకా వింటోంది. చెప్పడానికి ఇంకేం లేదు. మా అమ్మ విజయనగరం దాటి ఎటూ వెళ్లలేదు. నా కళ్లతో ఆ దేశం చూద్దామని ఏడాది ఎదురుచూసింది. ఇప్పుడు అమ్మ లేదు. సబ్జెక్టు మళ్లీ రాసి పాసయ్యాను. అమ్మ అడిగినదానికి మళ్లీ జవాబు చెప్పే అవకాశం రాలేదు.

అందుకే ఈ పోస్టు.

కొందరు మిత్రులు బాబాసాహెబ్ పేరు తీసుకొస్తారని తెలుసు. “ఆయన రోజంతా లైబ్రరీలో కూర్చున్నాడు, బ్రెడ్డు ముక్క తిని చదివాడు, మీరు షికార్లు చేస్తారా” అంటారు. సరే, ఆయన దగ్గరికే వెళ్దాం.

1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో ఆయన న్యూయార్క్ వెళ్లాడు. తిరిగొచ్చాక పదేళ్లు ఆ సంస్థానానికి ఉద్యోగం చేస్తానని ఒప్పందం రాసి మరీ వెళ్లాడు. కొలంబియాలో ఆయన తీసుకున్న కోర్సుల లెక్క ఉంది. అర్థశాస్త్రంలోనే 29. చరిత్రలో 11, సమాజశాస్త్రంలో 6, తత్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4. ఇది మామూలు మనిషి మోసే బరువు కాదు. 1916లో లండన్. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయి చదువు సగంలో వదిలి రావాల్సొచ్చింది. 1920లో మళ్లీ వెళ్లి పూర్తి చేశాడు. గడువూ డబ్బూ ఒక విద్యార్థిని ఎలా పిండుతాయో ఆయనకంటే తెలిసినవాళ్లు ఎవరు?

అదే మనిషి మధ్యలో చేసిన ఒక పని మనం పెద్దగా చెప్పుకోం. లండన్‌లో చదువు నడుస్తుండగానే 1921లో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేయించుకున్నాడు. తరగతులకి రాలేదని 1922 జనవరిలో అక్కడ ఆయన పేరు కొట్టేశారు. 1923లో లండన్‌లో డీఎస్సీ అందుకున్నాడు. అంటే అంబేద్కర్ పేరు కూడా ఒకచోట హాజరు లేక పట్టిక నుంచి పోయింది! ఒక దేశంలో చదువుతూ ఇంకో దేశం మీద ఆశపడ్డాడు. రెండూ కుదరలేదు, ఒకటి వదిలాడు, ముఖ్యమైనది నిలబెట్టుకున్నాడు. నాకు ఇందులో తప్పు కనిపించదు, మన పిల్లల లాంటి ఒక విద్యార్థి కనిపిస్తాడు. ఏది వదలాలో, ఏది పట్టుకోవాలో నేర్చుకోవడం కూడా చదువే.

ఇప్పుడు చెప్తాను, ఆ చెల్లి బాన్ ఎందుకు వెళ్లిందో. బాబాసాహెబ్ పేరు రాసుకున్న ఆ విశ్వవిద్యాలయం చూడ్డానికి. లోపలికి వెళ్లి కాసేపు తిరిగింది, తర్వాత నది దగ్గరికి వెళ్లింది. ఫొటోలో నది మాత్రమే పడింది. మనవాళ్లకి నదే కనిపించింది.

కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. బాబాసాహెబ్ కోసం వెళ్లింది కాబట్టి నేను తనని సమర్థించట్లేదు. వట్టి నది చూడ్డానికి వెళ్లినా సమర్థిస్తాను. మన పిల్లల ప్రతి నవ్వుకీ ఒక ఉద్యమ కారణం చూపించాలా? 2014 మే 25న గురుకులం పిల్ల మాలావత్ పూర్ణ 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. తనతో పాటు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎక్కాడు. ఆ రోజు మనందరం గర్వపడ్డాం, బడి మానేసి కొండలెక్కడం ఏంటని అడగలేదు. రికార్డు వచ్చింది కాబట్టి అడగలేదు. రికార్డు లేని కొండ ఎక్కితే అడుగుతున్నాం. మన పిల్లలు అద్భుతం చేస్తేనే మనుషులు, మామూలుగా బతికితే దోషులు అన్నట్టుంది ఇది.

బాబాసాహెబ్ తన జ్ఞాపకాల చిన్న పుస్తకానికి పెట్టుకున్న పేరు గుర్తుందా? ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’. అందులో మొదటి కథే ప్రయాణం. చిన్న పిల్లలు సెలవులకి తండ్రి దగ్గరికి బయల్దేరారు. మసూర్ స్టేషన్‌లో దిగితే అంటరానివాళ్లని తెలిసి బండివాళ్లు ఎవరూ ఎక్కించుకోలేదు. రెట్టింపు డబ్బిచ్చి, బండి తామే తోలుకుంటూ వెళ్లాల్సొచ్చింది. కొలంబియాలో, లండన్‌లో చదివి బరోడా వచ్చాక అదే మనిషికి తలదాచుకోడానికి గది దొరకలేదు. మనకి చదువు ఎంత నిషేధమో ప్రయాణం అంతే నిషేధం. బావి, గుడి, బడి అన్నట్టే బాట కూడా. ఇప్పటికీ ఈ కొండల్లో కొన్ని ఊళ్ల నుంచి నిండు చూలాలిని డోలీలో మోసుకొస్తున్నారు. అలాంటి చోటు నుంచి వెళ్లిన పిల్ల టికెట్ చూపించి, సీట్లో కూర్చుని, ఎవరూ నీదే కులం అని అడగని రైల్లో మూడు గంటలు కిటికీలోంచి చూసింది. ఆ మూడు గంటలు ఏ సిలబస్‌లో ఉన్నాయి?

సరే, ఆవేశం పక్కన పెట్టి లెక్కలోకి వద్దాం. చదువూ తిరుగుడూ రెండూ కుదురుతాయా? కుదురుతాయి. కానీ మన పిల్లల లెక్క వేరు.

ఐరోపాలో ఒక సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు. జర్మనీలో ఒక్కో క్రెడిట్‌కి సుమారు 30 గంటల శ్రమ లెక్క. అంటే ఆరు నెలలకి 900 గంటలు, వారానికి దాదాపు 35. దీని పక్కన ఆ చెల్లి ఒక బేకరీలో వారానికి పదిహేను గంటలు పని చేస్తోంది, తెల్లవారుజామున. మొత్తం యాభై. వంట, బట్టలు, ఆఫీసుల చుట్టూ కాగితాలు వేరే. ఇవన్నీ పోగా మిగిలింది ఒక ఆదివారం. కలిగినింటి పిల్లలు రెండింటిని సరిచూసుకుంటారు, చదువు, ప్రయాణం. మన పిల్లలు మూడింటిని సరిచూసుకోవాలి, చదువు, కూలి, ప్రయాణం. మూడూ మోయలేనప్పుడు మొదట దించేది ప్రయాణాన్నే. మనం మాత్రం చదువు పాడైతే ప్రయాణాన్ని తిడతాం, కూలిని ఎప్పుడూ తిట్టం.

ఇంకో సంగతి. బాన్ వెళ్లి రావడానికి తనకి అదనంగా ఒక్క పైసా ఖర్చు కాలేదు. సెమిస్టర్ ఫీజులోనే టికెట్ ఉంది. చాలా జర్మన్ విశ్వవిద్యాలయాల్లో 2024 నుంచి ఆ టికెట్‌తో దేశమంతా ప్రాంతీయ రైళ్లు, బస్సులు ఎక్కొచ్చు. కట్టిన డబ్బుకి ఎక్కింది. ఎక్కకపోతే ఆ డబ్బు దండగ.

ఇప్పుడు పిల్లలకి రెండు ముక్కలు. మీ తరఫున మాట్లాడుతున్నానని నెత్తిన ఎక్కించుకోవద్దు.

నాకు తెలిసిన ఒక తమ్ముడు మొదటి సెమిస్టర్‌లోనే రూమ్మేట్లతో నాలుగు దేశాలు తిరిగాడు, కార్డు మీద అప్పు చేసి. రెండు పరీక్షలు పోయాయి. అక్కడ చాలా కోర్సుల్లో ఒక పరీక్షకి మూడే అవకాశాలు. మూడూ పోతే ఆ చదువే పోతుంది. అతను మూడో అవకాశంలో గట్టెక్కాడు, ఆ ఏడాది వాళ్లమ్మ నిద్రపోలేదు. అమెరికాలో అయితే తీసుకోవాల్సిన క్రెడిట్లు తగ్గితే వీసా హోదాకే ముప్పు. కాబట్టి మొదటి సెమిస్టర్ ఎటూ కదలొద్దు. చదువు తీరు, మార్కులు వేసే తీరు ముందు అర్థం కానివ్వండి. సెమిస్టర్ మొదటి వారంలోనే పరీక్షల తేదీలు, వ్యాసాల గడువులు గోడ మీద రాసుకోండి. మిగిలిన ఖాళీల్లో ప్రయాణం పెట్టుకోండి. ప్రయాణం పెట్టుకుని ఖాళీల్లో చదవొద్దు. వ్యాసం ఇచ్చేశాక వెళ్లండి, “వచ్చాక రాస్తా” అని వెళ్లొద్దు. రాయరు.

దేశం దాటేముందు కాగితాలు చూసుకోండి. పాస్‌పోర్టు, నివాస అనుమతి, ఆరోగ్య బీమా. అమెరికాలో ఉన్నవాళ్లు ఐ-20 మీద ప్రయాణ సంతకం గడువు ఉందో లేదో చూసుకోకుండా విమానం ఎక్కొద్దు. జర్మనీ నివాస అనుమతి ఉంటే మిగతా షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులదాకా తిరగొచ్చు, ఇంగ్లండ్‌కి మాత్రం అది చెల్లదు. అప్పు చేసి తిరగొద్దు. దగ్గరి ఊళ్లు ముందు చూడండి. అన్నం కట్టుకుని వెళ్లండి. మన సంతకి వెళ్లే పద్ధతి అదేగా.

ఇక ప్రభుత్వాలకి, మనకి.

దేశం మొత్తం మీద ఆదివాసీ విద్యార్థులకి కేంద్రం ఇచ్చే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్‌లు ఏడాదికి 20. ఇరవై వేలు కాదు, ఇరవై. అందులో అత్యంత వెనకబడిన ఆదిమ తెగలకి 3. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో ఆదివాసీలు 10 కోట్ల పైన. మన గదబ, ఖోండు, పోర్జ పిల్లలు ఆ మూడింటి కోసం దేశమంతటితో పోటీ పడాలి. అది రాకపోతే బ్యాంకు. ఏడున్నర లక్షలు దాటిన విద్యా రుణానికి మామూలుగా ఆస్తి హామీ అడుగుతారు. 1/70 చట్టం మన భూమికి కవచం, దాన్ని కాపాడుకోవాల్సిందే. కానీ గిరిజనేతరులకి అమ్మడానికి వీల్లేని భూమిని హామీగా చూపిస్తే బ్యాంకు మేనేజర్ మొహం ఎలా పెడతాడో వెళ్లినవాళ్లకి తెలుసు. ఆ భూమికి బదులు ప్రభుత్వమే హామీ ఉండాలి. చట్టాన్ని సడలించడం కాదు, హామీ ఇవ్వడం.

దళిత విద్యార్థుల స్కాలర్‌షిప్‌కి 2022లో ఇంకో కంచె వేశారు. భారతీయ సంస్కృతి, చరిత్ర, భారతదేశం మీద సామాజిక పరిశోధన, ఈ అంశాలకి డబ్బు ఇవ్వబోమన్నారు. అంటే విదేశం వెళ్లి నీ వాడ గురించి చదవకూడదు. మనవాళ్లేమో విదేశం వెళ్లి ఆ విదేశాన్ని చూడకూడదంటున్నారు. ఇల్లూ చదవకూడదు, లోకమూ చూడకూడదు. మరి ఎందుకు పంపినట్టు?

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. విడత డబ్బు సమయానికి వేయండి. ఆలస్యమైన ప్రతి నెలా మా పిల్లలు లైబ్రరీలోంచి లేచి వంటింట్లోకి వెళ్తున్నారు. ఇచ్చే భత్యంలో ఏడాదికి ఒక ప్రయాణం ఖర్చు కలపండి, హక్కుగా. మ్యూజియం చూసినా నది చూసినా లెక్క అడగొద్దు. బయల్దేరే ముందు ఐటీడీఏలో రెండు రోజులు కూర్చోబెట్టి క్రెడిట్లు, వీసా నియమాలు, పని గంటలు తెలుగులో చెప్పండి.

మనవాళ్లకి ఒక్కటే మనవి. ఆ పిల్ల స్టేటస్ చూసి వేలు టైపు చేయబోయేముందు ఆగండి. “ఏం చూశావు?” అని అడగండి. అంతే.

ఆ రాత్రి తనకి ఇదంతా చెప్పాను. “నువ్వు తప్పు చేయలేదు తల్లీ, ఫొటో తీసెయ్యడమే తప్పు” అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాను, నాన్నకి తెలుసా అని.

తెలుసట. వాళ్ల ఊళ్లో సిగ్నల్ లేదు. సాయంత్రం కొండ అంచున చింతచెట్టు దాకా నడిచొచ్చి ఫోన్ చేశాడట. ఎవరో అప్పటికే మోసేశారు, నీ కూతురు తిరుగుతోందని. తను భయపడుతూ ఎత్తిందట. ఆయన అడిగింది ఇది.

“ఏటి సూసినావు తల్లీ?”

నది గురించి చెప్పిందట. మన గోస్తనీ కంటే పెద్దదా అని అడిగాడట. చాలా పెద్దది నాన్నా, ఓడలు తిరుగుతాయి అందట. సిగ్నల్ పోయేదాకా, అరగంట, నదే మాట్లాడుకున్నారు.

మర్నాడు పొద్దున్న చూశాను. ఫొటో మళ్లీ పెట్టింది.

వచ్చే వారం ఆశ్రమ పాఠశాలల గురించి రాస్తాను. ఈసారి ఖాయం. మీ పిల్లలు, మీ తమ్ముళ్లు, చెల్లెళ్లు బయటి దేశాల్లో ఉంటే ఈ పోస్టు వాళ్లకి పంపండి. వాళ్లు చూసినవి నాకు రాయమనండి.

జై భీమ్.